ఈసీఆర్ మీద కారవాన్: అమ్మతో, పిల్లలతో వెళ్లేవాళ్లకు

మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ఇద్దరు పిల్లలు, మా ఆవిడ, నేను. చెన్నై పెరంబూర్ నుంచి తరంగంబాడి దాకా ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద, సముద్రం పక్కనే సుమారు 270 కిలోమీటర్లు, నాలుగు రాత్రులు. డ్రైవర్‌తో సహా అద్దెకు తీసుకున్న కారవాన్, అంటే పడకలు, పొయ్యి, షవర్ ఉన్న బండి. మీరూ వెళ్లాలనుకుంటే ఇవి చూసుకోండి.

వెళ్లాల్సింది జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ తీరానికి ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు. ఏప్రిల్ దాటితే ఆ రేకుల బండిలో పెద్దవాళ్లు ఉండలేరు. శని, ఆదివారాలు వద్దు, మహాబలిపురం దాకా రోడ్డు కిటకిటలాడుతుంది.

బండి మాట్లాడేటప్పుడు రెండు ట్యాంకులు ఎన్నెన్ని లీటర్లో అడగండి: మంచి నీళ్లది, వాడిన నీళ్లది. మాకు వంద లీటర్ల ట్యాంకు ఉంది కదా అనుకున్నాం. పిల్లలు బీచ్ నుంచి వచ్చి షవర్ కింద నిలబడేసరికి మొదటి రోజు మధ్యాహ్నానికే ఖాళీ. అప్పటినుంచి 20 లీటర్ల క్యాన్లు రెండు విడిగా పెట్టుకుని, ఒళ్లు బయటే కడిగించి లోపలికి ఎక్కనిచ్చాం. ఇసుక కూడా లోపలికి రాదు, లేకపోతే పరుపుల్లోంచి దాన్ని దులపలేక చస్తాం. వాడిన నీళ్లు మాత్రం ఒడ్డున వదలకండి. అక్కడ జాలర్లు వలలు ఆరేసుకుంటారు.

రాత్రి ఎక్కడ ఆగాలో పొద్దున్నే ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. రోడ్డు పక్కన చోటు బాగుందని ఆగడం కుటుంబంతో కుదరదు. లాడ్జీ వాళ్లను అడిగితే పార్కింగ్‌కి, బాత్రూమ్‌కి కొంత తీసుకుని ఒప్పుకుంటారు. 15 ఆంప్స్ ప్లగ్ పాయింట్ ఉందా అని తప్పక అడగండి, మామూలు పాయింట్ మీద ఏసీ నిలవదు. సాయంత్రం ఐదున్నరకల్లా చేరాలి. చీకట్లో ఊరి సందుల్లో వేలాడే కరెంటు తీగలు ఈ ఎత్తు బండికి కనపడవు.

తారు దిగి ఇసుకలోకి పోవద్దు. మరక్కాణం దగ్గర ఉప్పు మడులు చూసి మురిసిపోయి, ఇంకాస్త ముందుకని నేనే డ్రైవర్‌ను ఒత్తిడి చేశాను. వెనక చక్రం సగం దిగబడిపోయింది. అమ్మ లోపలే ఉంది, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్క పల్లె జాలర్లు పడవల కింద వేసే దుంగలు తెచ్చి, రెండు గంటలు తంటాలు పడి లాగారు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. మా ఆవిడ పులిహోర డబ్బా ఇస్తే తీసుకున్నారు.

బండి నడుస్తున్నంతసేపూ గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి ఉంచండి. పొంగించిన ఇడ్లీ పిండి తీసుకెళ్లొద్దు, ఆ వేడికి పులిసి పొర్లుతుంది. ఉప్మా రవ్వ, కందిపొడి, గోంగూర పచ్చడి, పెరుగు చాలు. తోడు వేసే గిన్నెకు మూత గట్టిది ఉండాలి.

ఆగిన చోట నేల సమంగా లేకపోతే అమ్మకు రాత్రంతా నడుము పట్టేస్తుంది. పళ్లెంలో నీళ్లు పోసి బండిలోని వంట గట్టు మీద పెట్టి, ఎటు ఒరిగితే ఆ పక్క చక్రాల కింద చెక్కలు వేయించాను. బండి మెట్టు ఎత్తు ఎక్కువ, అందుకే ఇంట్లోంచి చిన్న పీట తీసుకెళ్లాం.

మహాబలిపురం గుడి దగ్గర గానీ మరెక్కడ గానీ పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. అలలు చూడ్డానికి చిన్నవే, కింద లాగుడు చాలా ఎక్కువ. నీటి మీద ఉండాలని వాళ్లు మారాం చేస్తే చిదంబరం పక్కన పిచ్చవరంలో మడ అడవుల మధ్య పడవ ఎక్కించండి. చివరి రోజు తరంగంబాడికి పొద్దున్నే వెళ్లండి. 1620లో డేన్‌లు (డెన్మార్క్ వాళ్లు) కట్టుకున్న కోట ముందు ఎండ ఎక్కక మునుపు గాలి హాయిగా ఉంటుంది. అమ్మ పీట వేయించుకుని అక్కడే రెండు గంటలు కూర్చుంది.