కొత్తవాళ్లకు సులువుగా, పాతవాళ్లకు వేగంగా ఉండేలా సాఫ్ట్‌వేర్‌లో షార్ట్‌కట్లు ఎలా పెట్టాలి?

జూన్, జులై వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరుతాయి. కాటా గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేది ఇద్దరు. ఒకరు ఏళ్ల తరబడి లెక్కలు రాస్తున్న అకౌంటెంట్, మౌస్ ముట్టరు. ఇంకొకరు సీజన్ కోసం ఆ వారమే చేరిన కుర్రాడు. అలాంటి ఒక కాటాకి నేను ఎంట్రీ స్క్రీన్ తయారుచేశాను. షార్ట్‌కట్లు, అంటే మౌస్ లేకుండా కీ నొక్కి పని చేయించే ఏర్పాట్లు, పెట్టడానికి అక్కడ తేలిన పద్ధతి ఇది. లాడ్జి రిసెప్షన్‌కైనా, మందుల షాపు బిల్లింగ్‌కైనా పనికొస్తుంది.

1. ముందు పక్కన కూర్చుని చూడండి

ఒక పూట చాలు. ఏ పని ఎన్నిసార్లు చేస్తున్నారో కాగితం మీద గీతలు గీసుకోండి. కాటాలో ప్రతి బండినీ రెండుసార్లు తూస్తారు, లోడుతో ఒకసారి, సరుకు దించాక ఖాళీగా ఒకసారి. ఆ తేడానే కాయల బరువు. అంటే రోజంతా తిరిగేవి లోడు తూకం, ఖాళీ తూకం, రసీదు. షార్ట్‌కట్లు ఈ మూడింటికే ఇవ్వండి. నెలకోసారి తీసే రిపోర్టుకి వద్దు.

2. ప్రతి పనికీ కంటికి కనిపించే బటన్ పెట్టండి

కీ తెలిసినవాళ్లకే దొరికే పని అంటూ ఒక్కటి కూడా ఉండకూడదు.

3. కీ పేరు బటన్ మీదే రాయండి

లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీలో ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్. ఎవరూ కూర్చుని బట్టీ పట్టలేదు. బటన్ పక్కనే కీ కనిపిస్తుంటుంది కాబట్టి వాడుతూ వాడుతూ చేతికి వచ్చేసింది. సాఫ్ట్‌వేర్ వాడకం సులువు చేయడంపై పనిచేసిన నిపుణుడు జేకబ్ నీల్సన్ స్క్రీన్ల డిజైన్ కోసం 1994లో సవరించి ఇచ్చిన పది సూత్రాల్లో ఆరోది, అన్నీ గుర్తుపెట్టుకోమనకుండా కళ్లముందు ఉంచమంటుంది. ఏడోది, అనుభవం ఉన్నవాళ్లకు దగ్గరి దారి ఇవ్వమంటుంది. బటన్ మీద కీ పేరు రాస్తే ఈ రెండూ ఒకేసారి కుదురుతాయి.

4. చేతులకు ఉన్న అలవాటుతో గొడవపడకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. నా స్క్రీన్ బ్రౌజర్‌లో నడుస్తుంది. టాలీ అలవాటున్న అకౌంటెంట్ ఒకరోజు ఎఫ్5 నొక్కారు. బ్రౌజర్‌లో అది రీఫ్రెష్. బండి నంబరు, రైతు పేరు, బరువు అన్నీ చెరిగిపోయాయి. "టైపు చేసిందంతా యాడికి పోయింది?" అని ఆయన టెన్షన్ పడుతుండగానే బండి కాటా దిగిపోయింది. రాత్రి నుంచి క్యూలో ఉన్న రైతు మళ్లీ వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ తప్పు పూర్తిగా నాది. ఇప్పుడు ప్రతి గడి నింపగానే ఆ వివరం దానంతటదే సేవ్ అవుతుంది.

కంట్రోల్ డబ్ల్యూ కూడా వాడకండి. అది ట్యాబ్‌నే మూసేస్తుంది, మామూలు ట్యాబ్‌లో మీ పేజీ దాన్ని ఆపలేదు. ఒంటి అక్షరాల షార్ట్‌కట్లూ జాగ్రత్త. జీమెయిల్ కూడా అలాంటివాటిని మొదట ఆఫ్‌లో ఉంచి, కావాలన్నవాళ్లనే సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోమంటుంది. మనకు ఇంకో చిక్కుంది. రైతు పేరు కోసం తెలుగు కీబోర్డు పెట్టుకుంటే అదే కీ తెలుగు అక్షరం పంపుతుంది, అప్పుడు అక్షరాన్ని చూసి పనిచేసే షార్ట్‌కట్ కదలదు. అందుకే కీబోర్డు పై వరుసలోని ఫంక్షన్ కీల్లో (ఎఫ్ కీలు) బ్రౌజర్‌కి అవసరం లేనివి మేలు.

5. చెరిపే పనికి షార్ట్‌కట్ ఇవ్వకండి

తప్పనిసరైతే వెనక్కి తెచ్చుకునే వీలు ఉండాలి. పంపిన మెయిల్‌ని ఆపడానికే జీమెయిల్ 30 సెకన్ల వరకు టైమ్ ఇస్తుంది. తూకం చెరిగితే పోయేది రైతు డబ్బు.

6. ఇద్దరితోనూ పరీక్షించండి

కుర్రాడికి ఏమీ చెప్పకుండా ఒక బండి ఎంట్రీ చేయమనండి. ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తాడో అక్కడ బటన్ పేరు మార్చండి. అకౌంటెంట్ దగ్గర మౌస్ తీసేసి అదే పని చేయించండి. నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ వెళ్లండి. కుర్రాడు ఇంకా మౌస్‌తోనే తిరుగుతుంటే, బటన్ మీద కీ పేరు మరీ చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి.