పిల్లలకి మమ్మీని చూపించడానికి వెళ్తున్నారా? ఇలా చూపించండి

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ, అంటే పాడవకుండా ఆరబెట్టి గుడ్డ చుట్టిన శరీరం, ఉంది. రాజకుమారి నైషు అని చెబుతారు. 1930లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మ్యూజియానికి ఇచ్చారు. హైస్కూల్లో సోషల్ చెప్పినన్నాళ్ళూ ఏడాదికోసారి పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళేదాన్ని. మొదటిసారి పిల్లలు "దెయ్యం మేడమ్" అంటూ ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. పది నిమిషాల్లో బయటికొచ్చి బస్సెక్కేశాం. ఇంటికొచ్చాక మనసు పీకింది. ఎవరింటి బిడ్డో, ఎంత శ్రద్ధగా సాగనంపారో, మేం దెయ్యం అనేసి వచ్చాం.

ఆ తర్వాత చదివాను. ఒకసారి ఈజిప్టులోని కైరో, లక్సర్ వెళ్ళి వచ్చాను. పిల్లలకి ఎలా చూపించాలో మెల్లగా ఒక పద్ధతి కుదిరింది. ఏ ఊరి మ్యూజియానికి వెళ్ళినా పనికొస్తుందని రాస్తున్నాను.

బయల్దేరే ముందే ఇంట్లో ఒక మాట చెప్పండి. ఈజిప్టు వాళ్ళు చావుని ప్రేమించిన మనుషులు కారు. బతుకంటే వాళ్ళకి ఎంత ఇష్టమంటే, అది ఆగిపోకూడదని అంత ఏర్పాటు చేసుకున్నారు. లక్సర్‌లో నైలు నదికి పడమటి ఒడ్డున, దేర్ ఎల్-మదీనాలో సెన్నెజెమ్ అనే పనివాడి సమాధి ఉంది. రాజుల సమాధులు చెక్కిన పనివాళ్ళ ఊరు అది. ఇరుకు మెట్లు దిగి వంగి లోపలికి వెళ్తే చిన్న గది, పసుపు రంగు గోడలు. ఒక గోడ మీద సెన్నెజెమ్ ఆవుల్ని కట్టి నాగలి దున్నుతున్నాడు. వెనకాలే భార్య ఇయ్‌నెఫెర్తి విత్తనాలు చల్లుతూ నడుస్తోంది. ఇద్దరి ఒంటి మీదా పండగ బట్టలంత తెల్లని మడతలు. వాళ్ళ పరలోకం అదే: ఎండిపోని కాలువ, ఏపుగా పెరిగిన పైరు, పక్కన భార్య. ఆ గదిలో నాకు కళ్ళు చెమర్చాయి. ఈ బొమ్మ ఫోన్‌లో చూపించి తీసుకెళ్తే పిల్లలకి భయం సగం పోతుంది.

మ్యూజియంలోకి వెళ్ళగానే ముఖం వైపు చూడనివ్వకండి. ముందు గుడ్డ చూపించండి. అది నార గుడ్డ, అవిసె నారతో నేసింది. చాలాసార్లు కొత్తది కాదు. ఇంట్లో వాడి వాడి మెత్తబడ్డ దుప్పట్లు, బట్టలు చించి పీలికలు చేసేవారు. అమ్మమ్మ పాత చీరతో కుట్టిన బొంత ఉన్న పిల్లలకి ఇది ఇట్టే అర్థమవుతుంది. అల్లిక ఎంత సన్నగా ఉందో, ఒక పీలిక మీద ఇంకోటి ఎలా ఏటవాలుగా వెళ్ళిందో వాళ్ళనే చూసి చెప్పమనండి.

తర్వాత శరీరం ఎలా నిలిచిందో చెప్పండి. మొదట్లో ఇసుకే ఆ పని చేసింది. ఎడారిలో గుంట తీసి పడుకోబెడితే వేడి ఇసుక తడిని పీల్చేసేది. శవపేటికలూ గదులూ వచ్చాక ఇసుక తగలడం పోయింది, శరీరం పాడవడం మొదలైంది. అప్పుడు నేట్రాన్ పట్టుకున్నారు. వాది నత్రున్ లోయలో దొరికే సోడా ఉప్పు అది, మన చాకిరేవుల్లో వాడిన చవుడు లాంటిది. ఉప్పు చేప ఎందుకు చెడిపోదో తెలిసిన పిల్లలకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. మొత్తం కార్యక్రమం డెబ్భై రోజులు, అందులో దాదాపు నలభై రోజులు ఆ ఉప్పులోనే. డబ్బున్నవాళ్ళకే ఇదంతా. బీదవాళ్ళని చాప చుట్టి ఇసుకలోనే పెట్టేవారు. ఈ సంగతి దాచకండి, పిల్లలు తప్పకుండా అడుగుతారు.

మెదడుని ముక్కులోంచి కొక్కెంతో తీసేవారని చెప్పగానే క్లాసంతా "ఛీ" అంటుంది. అననివ్వండి. ఆ వెంటనే, ఎడమ పక్కన కోసి కాలేయం, ఊపిరితిత్తులు, కడుపు, పేగులు తీసి విడిగా ఆరబెట్టి నాలుగు కూజాల్లో పెట్టేవారని చెప్పండి. మ్యూజియంలో కూజాలుంటే మూతలు చూడమనండి. మనిషి తల ఉన్నది కాలేయానిది, కొండముచ్చు లాంటి బబూన్‌ది ఊపిరితిత్తులది, నక్కది కడుపుది, డేగది పేగులది. నలుగురూ హోరస్ అనే దేవుడి కొడుకులు, కాపలాదారులు. జంతువుల తలలు తొడిగే ఈ అలవాటు తర్వాతి కాలానిది, అంతకుముందు అన్నిటికీ మనిషి తలే ఉండేది. ఇంకో మాట చెబితే పిల్లలు ఎగిరి గంతేస్తారు: రెండో రామ్సెస్ అనే రాజు మమ్మీ ముక్కులో మిరియాలు దొరికాయి. మిరియం మన దక్షిణాది తీగ. మూడు వేల ఏళ్ళ కిందట అక్కడి దాకా వెళ్ళిందన్నమాట.

మెదడుని పారేసినవాళ్ళు గుండెని మాత్రం తీయలేదు. ఎందుకో చెప్పే ముందు ఒక్క నిమిషం ఆగండి, పిల్లల్నే ఊహించమనండి. నేను చూపించే వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

తలచేది, గుర్తుపెట్టుకునేది గుండె అని వాళ్ళ నమ్మకం. బ్రిటిష్ మ్యూజియంలో ఆనీ అనే లేఖకుడి పపైరస్, అంటే రెల్లు కాగితపు చుట్ట, ఉంది, సుమారు క్రీ.పూ. 1250 నాటిది. అందులో తీర్పు బొమ్మ ఉంటుంది, నెట్‌లో సులభంగా దొరుకుతుంది. నడుమ త్రాసు. ఒక తట్టలో ఆనీ గుండె, ఇంకో తట్టలో ఒక ఈక. ఆ ఈక మాఆత్, అంటే సత్యం, ధర్మం. నక్క తల దేవుడు అనుబిస్ మోకాళ్ళ మీద కూర్చుని త్రాసు ముల్లు సరిచూస్తున్నాడు. కొంగ ముక్కు దేవుడు థోత్ కలం పట్టుకుని రాసుకుంటున్నాడు. మన పిల్లలు వెంటనే "చిత్రగుప్తుడు!" అంటారు. అననివ్వండి, కానీ తేడా కూడా చెప్పండి. ఇక్కడ నరకంలో శిక్షలు ముఖ్యం కాదు. గుండె బరువెక్కితే పక్కనే కాచుకున్న అమ్మిత్ అనే భూతం దాన్ని మింగేస్తుంది. మొసలి తల, ముందు సగం సింహం, వెనక సగం నీటి గుర్రం. మింగితే ఆ మనిషి ఇక ఎక్కడా ఉండడు. వాళ్ళు వణికింది దానికి.

ఇప్పుడు ఆనీ వైపు చూపించండి. భార్యతో కలిసి కొద్దిగా వంగి నిలబడ్డాడు. పక్కన ఏం రాసి ఉందంటే, తన గుండెనే బతిమాలుకుంటున్నాడు: అమ్మ ఇచ్చిన నా గుండె, నాకు ఎదురు సాక్ష్యం చెప్పకు, అని. ఇదే మాటని పేడపురుగు ఆకారంలో చెక్కిన పచ్చరాయి కింద రాసి మమ్మీ రొమ్ము మీద పెట్టేవారు. నేను దొంగతనం చెయ్యలేదు, ఎవరినీ ఏడిపించలేదు అని నలభై ఇద్దరు న్యాయమూర్తుల ముందు చెప్పుకునే మనిషికి, తన లోపలిదే నిజం చెప్పేస్తుందేమోనని భయం. ఇది చెప్పినప్పుడు అల్లరి పిల్లలు కూడా చప్పుడు చెయ్యరు.

చిన్న చిన్న మట్టి బొమ్మలో, నీలిరంగు బొమ్మలో కనిపిస్తే అవి షబ్తీలు. పై లోకంలో పొలం పనికి పిలుపొస్తే యజమాని బదులు "ఇదిగో నేనున్నా" అని పలకాలి. టుటన్‌ఖామన్ అనే రాజు సమాధిలో ఇవి 413 ఉన్నాయి.

చివరికి రాతలు. చదవడం రాకపోయినా ఒక వాక్యం పట్టుకోవచ్చు. మనుషులు, పక్షులు ఎటు చూస్తున్నాయో చూడండి. అవి ఎటు చూస్తుంటే అటునుంచే చదవాలి. ఇప్పుడు ఈ వరుస వెతకండి: ఒక గడ్డి మొక్క, అర్ధచంద్రంలాంటి రొట్టె, చాప మీద పెట్టిన రొట్టె, నిలువుగా కోసుగా ఉన్న రొట్టె. శవపేటికల మీద, సమాధి రాళ్ళ మీద మళ్ళీ మళ్ళీ వస్తుంది. పలకడం సుమారుగా "హోతెప్ ది నెసు". రాజు ఇచ్చే నైవేద్యం అని అర్థం. ఆ తర్వాత రొట్టెలు, బీరు, ఎడ్లు, పక్షులు వెయ్యేసి చొప్పున, ఫలానావారి "కా"కి అని ఉంటుంది. "కా" అంటే మనిషిలోని ప్రాణశక్తి, దానికి ఆకలి వేస్తుంది. తద్దినం పెట్టే ఇళ్ళ పిల్లలకి ఇది కొత్తగా అనిపించదు.

కొన్ని రాళ్ళ మీద దారినపోయేవాళ్ళకి నేరుగా విన్నపం ఉంటుంది: చేతిలో ఏమీ లేకపోతే ఈ మాటలు నోటితో పలకండి చాలు, ఖర్చేమీ లేదు, అని. పేరు కూడా మనిషిలో ఒక భాగమే వాళ్ళకి. పేరు పలికేవాళ్ళున్నంత కాలం ఆ మనిషి ఉన్నట్టే. పరలోకానికి దారి చూపే పపైరస్‌లు ముందే రాసి, పేరు దగ్గర ఖాళీ వదిలి అమ్మేవారు. పేరు నింపకుండానే మిగిలిపోయినవీ ఉన్నాయి. అవి తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

అందుకని బయటికొచ్చే ముందు పిల్లల్ని ఆ అద్దాల పెట్టె దగ్గర వరుసగా నిలబెడతాను. అక్కడ రాసిన పేరు ఒకసారి పైకి చదవమంటాను, మెల్లగా, అరవకుండా. నైషు. అందరూ అన్నాక బస్సు దగ్గరికి వెళ్తాం.