కమ్యూనిటీ కాలేజీ నుంచి కినీసియాలజీ ట్రాన్స్‌ఫర్: మొదటి క్లాసు ఎంచుకునే ముందు జాగ్రత్తలు

కాలిఫోర్నియాలో పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో చేరి కినీసియాలజీ (శరీర కదలికలు, వ్యాయామం గురించిన శాస్త్రం) తీసుకుంటామంటే, మన ఇళ్లలో ముందు వినిపించే ప్రశ్న "చదివి డ్రిల్ మాస్టారు అవుతావా?" అని. ఫ్రీమాంట్‌లోనైనా, శాన్ రమోన్‌లోనైనా ఇదే మాట. ఆ వాదనలో రెండు నెలలు పోతాయి. ఈలోగా బయాలజీ సెక్షన్లన్నీ నిండిపోతాయి. ఈ కోర్సు మంచిదా కాదా అన్నది మీ ఇంట్లో తేల్చుకోండి. తీసుకోవాలని తేలితే మాత్రం, ఆగస్టులో ఫాల్ సెమిస్టర్ మొదలయ్యేలోపే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు లెక్క చూడండి. రెండేళ్లు చదివి మూడో ఏడాదికి యూనివర్సిటీకి వెళ్లాలన్నది అందరి ప్లాను. కానీ సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) అప్లికేషన్ రెండో ఏడాది మొదట్లోనే, అక్టోబర్ 1న తెరుచుకుని డిసెంబర్ మొదట్లో మూసుకుంటుంది. తేదీ ఏటా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఆ ఏడాది తేదీ చూసుకోవాలి. అంటే అప్లై చేసే రోజున చూపించడానికి ఉండేవి మొదటి ఏడాది గ్రేడ్లే. మూడో సెమిస్టర్ నడుస్తూ ఉంటుంది, నాలుగోది కాగితం మీద ప్లానుగానే ఉంటుంది. "మొదటి ఏడాది కాస్త తేలిగ్గా కానిచ్చి, రెండో ఏడాది కష్టపడతాను" అనే వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

డిగ్రీ తర్వాత ఏమిటన్నది ముందు తేల్చుకోండి

ట్రాన్స్‌ఫర్ కోసం ప్రత్యేకంగా ఉన్న డిగ్రీని ఏడీటీ (అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్) అంటారు. 2010లో వచ్చిన చట్టంతో ఇది మొదలైంది. కినీసియాలజీలో ఇచ్చే ఏడీటీని ఏఏటీ అంటారు. 60 సెమిస్టర్ యూనిట్లతో (క్రెడిట్లతో) ఇది పూర్తిచేస్తే సీఎస్‌యూ వ్యవస్థలో ఏదో ఒక క్యాంపస్‌లో సీటు ఖాయం. ఏ క్యాంపస్ అన్నది మాత్రం ఖాయం కాదు. శాన్ హోసే స్టేట్, శాన్ డియేగో స్టేట్, లాంగ్ బీచ్, ఫుల్లర్టన్ లాంటి చోట్ల సీట్ల కంటే అప్లికేషన్లు ఎక్కువ. అక్కడ 2.0 జీపీఏ అర్హతకు సరిపోతుందేమో గానీ సీటుకు సరిపోదు. ఇంటి నుంచి వెళ్లొచ్చే దూరంలో ఒకటే క్యాంపస్ పెట్టుకుని కూర్చోవద్దు. ఫ్రీమాంట్ వాళ్లయితే శాన్ హోసేతో పాటు హేవర్డ్‌లోని ఈస్ట్ బే కూడా లిస్టులో ఉండాలి. క్యాంపస్‌కు 70 డాలర్ల ఫీజు దగ్గర పొదుపు చేసి ఒక ఏడాది పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఈ ఏఏటీలో ఇంట్రడక్షన్ టు కినీసియాలజీ, ల్యాబ్‌తో అనాటమీ, ల్యాబ్‌తో ఫిజియాలజీ తప్పనిసరి. వాటితో పాటు ఈత, డాన్స్, ఫిట్‌నెస్, టీమ్ స్పోర్ట్స్ లాంటి విభాగాల్లో మూడింటి నుంచి ఒక్కో యాక్టివిటీ క్లాసు చేయాలి. ఆ పైన ఒక జాబితా నుంచి రెండు కోర్సులు ఎంచుకోమంటారు. స్టాటిస్టిక్స్, కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఫస్ట్ ఎయిడ్ లాంటివి అందులో ఉంటాయి. కెమిస్ట్రీ అంటే భయపడే పిల్లలు స్టాటిస్టిక్స్, ఫస్ట్ ఎయిడ్ తీసుకుని హాయిగా బయటపడతారు. డిగ్రీ వస్తుంది, ట్రాన్స్‌ఫర్ కూడా అవుతుంది. కానీ ఫిజికల్ థెరపిస్టు కావాలంటే అమెరికాలో ఇప్పుడు డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) చేయాలి. బ్యాచిలర్స్ తర్వాత అది ఇంకో మూడేళ్లు. ఆ స్కూళ్లు సాధారణంగా ఏడాది కెమిస్ట్రీ, ఏడాది ఫిజిక్స్ ల్యాబ్‌లతో సహా అడుగుతాయి. ఇక్కడ తప్పించుకున్నవి అక్కడ ఎదురొస్తాయి, అదీ యూనివర్సిటీ ఫీజుతో. అదే కోర్సు కమ్యూనిటీ కాలేజీలో కాలిఫోర్నియా నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు.

మన దగ్గర ఇంటర్ అయ్యాక నేరుగా బీపీటీలో (ఫిజియోథెరపీ డిగ్రీలో) చేరినట్టు ఇక్కడ కుదరదని ఊళ్లో ఉన్న తాతయ్యలకూ, అమ్మమ్మలకూ కూడా ఒకసారి చెప్పి పెట్టండి. లేకపోతే నాలుగో ఏడాది రాగానే "ఇంకా డాక్టరు కాలేదా?" అని ఫోన్లు మొదలవుతాయి.

అథ్లెటిక్ ట్రైనర్ కావాలనుకునే వాళ్లకూ ఒక మాట. ఒకప్పుడు బ్యాచిలర్స్‌తోనే సర్టిఫికేషన్ పరీక్షకు కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఆ వృత్తిలోకి వెళ్లాలంటే మాస్టర్స్ కావాలి. పాత సమాచారం పట్టుకుని ప్లాను వేసుకోవద్దు.

సైన్సు క్లాసుల వరుస

ట్రాన్స్‌ఫర్ ప్లాన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. చాలా కాలేజీల్లో అనాటమీలో చేరాలంటే ముందు బయాలజీ కావాలి. ఫిజియాలజీకి అనాటమీ కావాలి, కొన్నిచోట్ల కెమిస్ట్రీ కూడా అడుగుతారు. మొదటి ఫాల్‌లో బయాలజీ, స్ప్రింగ్‌లో అనాటమీ, రెండో ఫాల్‌లో ఫిజియాలజీ అనుకుంటే చివరి స్ప్రింగ్ ఒక్కటే చేతిలో ఖాళీగా మిగులుతుంది. మొదటి ఫాల్‌లో జనరల్ ఎడ్యుకేషన్ (మేజర్ ఏదైనా అందరూ చేయాల్సిన) క్లాసులతో సరిపెడితే ఆ ఒక్క ఖాళీ కూడా పోతుంది. తర్వాత ఏ సెమిస్టర్‌లో సీటు దొరక్కపోయినా ట్రాన్స్‌ఫర్ ఏడాది వెనక్కి జరుగుతుంది.

సీటు దొరక్కపోవడం అరుదేమీ కాదు. నర్సింగ్‌కు వెళ్లే వాళ్లందరికీ అనాటమీ, ఫిజియాలజీ కావాలి కాబట్టి పోటీ గట్టిగా ఉంటుంది. మీ రిజిస్ట్రేషన్ తేదీ, టైము ముందే చూసుకుని ఆ నిమిషానికి కంప్యూటర్ ముందు ఉండండి. వెయిట్‌లిస్ట్‌లో పడితే నిరాశపడి మానేయొద్దు. మొదటి రోజు క్లాసుకు వెళ్లి కూర్చోండి. రాని వాళ్ల సీట్లు ఆ రోజే ఖాళీ అవుతాయి. అనాటమీ, ఫిజియాలజీ రెండూ కలిపి రెండు భాగాలుగా చెప్పే కాలేజీలూ ఉన్నాయి. అలాంటి చోట మొదటి భాగం ఒక కాలేజీలో, రెండోది ఇంకో కాలేజీలో చేస్తే లెక్కలోకి రాకుండా పోయే ప్రమాదం ఉంది. డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి క్వార్టర్ కాలేజీల (సెమిస్టర్లు కాక క్వార్టర్ల లెక్కన నడిచేవి) నుంచి సెమిస్టర్ కాలేజీకి మారేవాళ్లు కెమిస్ట్రీ, ఫిజిక్స్ విషయంలోనూ ఈ జాగ్రత్త పాటించాలి. మొదలుపెట్టిన చోటే సిరీస్ ముగించండి.

అనాటమీ గురించి ఇంకాస్త చెప్పాలి. మిగతా పరీక్షల్లా ఉండదు ల్యాబ్ ప్రాక్టికల్. గది చుట్టూ బల్లలు, ఒక్కో బల్ల మీద ఎముకో, కండరం మోడలో, దాని మీద నంబరు వేసిన చిన్న చీటీ ఉంటాయి. నిమిషమో, నిమిషంన్నరో అక్కడ నిలబడి పేరు రాసి పక్క బల్లకు జరగాలి. కుడి ఎముకా, ఎడమ ఎముకా అని కూడా అడుగుతారు. స్పెల్లింగ్‌కు మార్కులు కోసే వాళ్లు చాలామందే. పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకున్న పిల్లలు అసలు ఎముకను తిప్పి పెడితే గుర్తుపట్టలేరు. కాబట్టి ల్యాబ్ తెరిచి ఉండే ఖాళీ గంటల్లో వెళ్లి చేత్తో పట్టుకుని చూడటమే దీనికి మందు. ఈ క్లాసు జరిగే సెమిస్టర్‌లో వారానికి 20 గంటల ఉద్యోగం పెట్టుకోవద్దు. సమ్మర్‌లో ఆరు వారాల్లో అనాటమీ ముగించేద్దామనే ఆలోచన కూడా, నన్నడిగితే, మొదటిసారి చదివే వాళ్లకు మంచిది కాదు.

గ్రేడ్ పాడైతే మళ్లీ తీసుకోవచ్చులే అనే ధీమా వద్దు. ఒకే కోర్సుకు మామూలుగా మూడు అవకాశాలే. మధ్యలో వదిలేసి ట్రాన్స్‌క్రిప్ట్ మీద డబ్ల్యూ (విత్‌డ్రా అయినట్టు గుర్తు) తెచ్చుకున్నా ఒక అవకాశం ఖర్చయినట్టే. సీ వచ్చిన కోర్సును గ్రేడ్ పెంచుకోవడానికి మళ్లీ తీసుకోనివ్వరు. వదిలేయాలనిపిస్తే డబ్ల్యూ పడని గడువు లోపలే తేల్చుకోవాలి. ఆ గడువు క్లాసులు మొదలైన తొలి వారాల్లోనే ముగిసిపోతుంది.

కాగితాల పని

అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్ ఉంది. మీ కాలేజీలో చేసిన ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో అధికారికంగా చెప్పేది అదే. ఎడమ వైపు యూనివర్సిటీ కోర్సు, కుడి వైపు మీ కాలేజీ కోర్సు ఉంటాయి. కుడి వైపు "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని కనిపిస్తే మీ దగ్గర దానికి సమానమైనది లేదని అర్థం. పక్క కాలేజీలో ఉందేమో అప్పుడే చూడండి. మీరు వెళ్లాలనుకునే మూడు నాలుగు క్యాంపస్‌ల పేజీలు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి, అన్నిటికీ కావాల్సిన కోర్సులు ముందు చేసేయండి. అదే క్యాంపస్‌లో కినీసియాలజీలోనే రెండు మూడు శాఖలు ఉంటాయి. మీ ఏఏటీని ఏ శాఖ ఒప్పుకుంటుందో కౌన్సిలర్‌ను పేరు పెట్టి అడగండి. ట్రాన్స్‌ఫర్ తర్వాత 60 యూనిట్లలో డిగ్రీ ముగిసే హామీ ఒప్పుకున్న శాఖకే వర్తిస్తుంది.

జనరల్ ఎడ్యుకేషన్‌కు 2025 ఫాల్ నుంచి కాల్‌గెట్‌సీ అనే ఒకే పద్ధతి వచ్చింది. అన్నయ్యో, అక్కో నాలుగేళ్ల క్రితం వాడిన షీటు పట్టుకుని క్లాసులు ఎంచుకోవద్దు. ఇందులో ప్రతి కోర్సులో సీ రావాలి, సీ మైనస్ పనికిరాదు. రైటింగ్, స్పీచ్, క్రిటికల్ థింకింగ్, మ్యాథ్స్ ఈ నాలుగూ ట్రాన్స్‌ఫర్‌కు ముందటి స్ప్రింగ్ కల్లా ముగియాలి. స్పీచ్ అంటే సిగ్గుపడి చివరికి నెట్టే పిల్లలే ఎక్కువ. దాన్ని మొదటి ఏడాదిలోనే కానిచ్చేస్తే మంచిది.

యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) మీద ఆశ ఉన్న వాళ్లు కినీసియాలజీ అనే పేరు కోసం వెతకొద్దు. యూసీఎల్‌ఏలో ఫిజియలాజికల్ సైన్స్, బర్క్‌లీలో ఇంటిగ్రేటివ్ బయాలజీ ఇలాంటి ఆసక్తి ఉన్న వాళ్లు వెళ్లే మేజర్లు. వాటికి సైన్సు మెట్లు చాలా ఎక్కువ, ఏఏటీ ఒక్కటే సరిపోదు. యాక్టివిటీ క్లాసుల నుంచి యూసీ 4 సెమిస్టర్ యూనిట్లే తీసుకుంటుంది. జిమ్ అంటే ఇష్టమని సెమిస్టర్‌కు రెండేసి చేసిన వాళ్లకు 60 యూనిట్ల లెక్క చివర్లో తగ్గుతుంది. టాగ్ అనే సీటు హామీ పథకం ఆరు యూసీ క్యాంపస్‌లకు ఉంది. బర్క్‌లీ, ఎల్‌ఏ, శాన్ డియేగో అందులో లేవు. దాని ఫారం సెప్టెంబర్ నెలలోనే ఇవ్వాలి, అంటే అసలు అప్లికేషన్ కంటే ముందే.

సీఎస్‌యూ ఫారంలో ఏడీటీ చేస్తున్నామని టిక్ పెట్టి, డిగ్రీ పేరు ఎంచుకోవడం మరచిపోవద్దు. తర్వాత మీ కాలేజీ దాన్ని ధ్రువీకరించాలి కాబట్టి కౌన్సిలర్‌కు చెప్పి ఉంచండి. హైస్కూల్లో ఉండగా డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో కాలేజీ క్లాసులు చేసిన పిల్లలు మన వాళ్లలో చాలామంది. వాటిలో బీ వచ్చినా డీ వచ్చినా ఆ కాలేజీ పేరుతో సహా రాయాల్సిందే.

హెచ్4 వీసా (తల్లిదండ్రుల హెచ్1 వీసా మీద ఆధారపడేది) మీద ఉన్న పిల్లల సంగతి వేరే. 21 ఏళ్లు నిండితే ఆ స్టేటస్ పోతుంది. విద్యార్థి వీసా ఎఫ్1కు మారితే సెమిస్టర్‌కు కనీసం 12 యూనిట్లు చదవాలి, అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే లెక్కకు వస్తుంది. స్టేటస్ మారితే నివాసుల ఫీజు కూడా పోవచ్చు, అప్పుడు యూనిట్‌కు 46 డాలర్లు కాదు, వందల్లో ఉంటుంది. పుట్టినరోజు ఏ సెమిస్టర్ మధ్యలో వస్తుందో ప్లాను షీటు మీదే రాసుకుని, ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తోనూ కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసుతోనూ మాట్లాడండి.

అడ్మిషన్ లెటర్ వచ్చాక కూడా, ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, అది షరతులతో వచ్చిన కాగితమే. అప్లికేషన్‌లో స్ప్రింగ్‌కు రాసిన క్లాసు వదిలేసినా, మార్చినా యూనివర్సిటీకి వెంటనే తెలియజేయాలి. అసోసియేట్ డిగ్రీ కోసం మీ కాలేజీలో విడిగా అర్జీ పెట్టాలి, దానికీ గడువు ఉంటుంది. క్వార్టర్ కాలేజీల్లో స్ప్రింగ్ జూన్ చివర్లో గానీ ముగియదు కాబట్టి, గ్రేడ్లు పడిన రోజే కాల్‌గెట్‌సీ సర్టిఫికేషన్‌తో కలిపి ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ పంపమని ఆర్డర్ పెట్టి, అది చేరిందో లేదో యూనివర్సిటీ పోర్టల్‌లో చూసుకోండి.