ఎలక్ట్రిక్ ఫోర్క్‌లిఫ్ట్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో షెడ్డు నడిపే మనవాళ్లు ముందు రేటే అడుగుతారు. అది ఆఖర్న అడగండి.

– టేపుతో షట్టర్ ఎత్తు కొలవండి. మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందికీ కదిలే నిలువు ఫ్రేమ్) పూర్తిగా దించాక కూడా తగిలిందంటే బండి బయటే.

– బండి ప్లేటు మీద 2 టన్నులని ఉన్నా, అది సాధారణంగా సరుకు బరువు కేంద్రం ఫోర్కుల మొదట్నుంచి 500 మిల్లీమీటర్లలో ఉన్నప్పటి లెక్క. పెట్టె పొడుగైనా, బాగా పైకి లేపినా అంత మోయదు, కాబట్టి మీ పై ర్యాక్ ఎత్తులో ఎంత మోస్తుందో రాయించుకోండి. సేల్స్ వాళ్ల నోటి మాట వద్దు.

– లెడ్ యాసిడ్ బ్యాటరీకి చార్జింగ్ సుమారు 8 గంటలు, చల్లారడానికి దాదాపు అంతే. రెండు షిఫ్టులుంటే లిథియమే నయం, టీ టైములోనూ చార్జ్ పెట్టొచ్చు. లెడ్ యాసిడే అయితే చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలాడే మూల చూడండి.

– బెస్కామ్ (కరెంటు సంస్థ) బిల్లులో శాంక్షన్డ్ లోడ్, అంటే మీకు మంజూరైన కరెంటు లోడు, చార్జర్‌కి సరిపోతుందా?