కేటలాగ్‌లో "ఏమీ దొరకలేదు" అని వస్తే ఏం చేయాలి?

చెన్నైలో ఒక కాలేజీ లైబ్రరీ కౌంటర్‌లో కూర్చుంటాను. మాది నెల్లూరు వైపు. ఆ సంగతి తెలిసిన పిల్లలు, సూళ్లూరుపేట నుంచి రోజూ రైల్లో వచ్చేవాళ్లు, హాస్టల్లో ఉండేవాళ్లు, కౌంటర్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించి "అక్కా" అంటారు. తమిళ పిల్లలూ అక్కా అనే పిలుస్తారు కాబట్టి రెండో మాట వినేదాకా ఎవరో తెలియదు. ప్రాజెక్ట్ సబ్మిషన్ దగ్గరపడితే మాత్రం ఎవరొచ్చినా అడిగేవి ఒక ఏడెనిమిది సమస్యలే.

"అక్కా, ఎంత వెతికినా ఏమీ రావట్లేదు"

ఎక్కువగా వినేది ఇదే. పోయిన సెమిస్టర్‌లో ఎమ్మే చదివే ఒకమ్మాయి చెన్నైకి వచ్చే కృష్ణా నీళ్ల మీద ప్రాజెక్ట్ తీసుకుంది. లైబ్రరీ కేటలాగ్‌లో వెతికే పెట్టెలో "చెన్నై నగర ప్రజల మీద తెలుగుగంగ ప్రాజెక్ట్ ప్రభావం" అని టాపిక్ మొత్తం ఇంగ్లీషులో కొట్టింది. ఫలితం సున్నా.

కారణాలు రెండు. మొదటిది, కేటలాగ్ గూగుల్ కాదు. మీరు కొట్టిన మాటలన్నీ ఒకే పుస్తకం రికార్డులో ఉంటేనే చూపిస్తుంది. ఆ రికార్డులో ఉండేది పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, పుస్తకం దేని గురించో చెప్పే రెండు మూడు విషయ శీర్షికలు, అంతే. లోపల ఒక అధ్యాయం అధ్యాయమే తెలుగుగంగ గురించి ఉన్నా, అట్ట మీద తమిళనాడు నీటి వనరులని ఉంటే కేటలాగ్‌కి ఆ ముక్క తెలియదు.

రెండోది పేర్ల తకరారు. మనం తెలుగుగంగ అంటాం. సరిహద్దు దాటాక తమిళనాడు కాగితాల్లో అదే కృష్ణా వాటర్ సప్లై ప్రాజెక్ట్. నెల్లూరు వైపు కండలేరు జలాశయం నుంచి చెన్నై దగ్గరి పూండి చెరువు దాకా వచ్చే కాలవకు పుట్టపర్తి ట్రస్టు మరమ్మతులు చేయించాక సత్యసాయి గంగ అన్న పేరు వచ్చింది. పూండి చెరువు రికార్డుల్లో సత్యమూర్తి సాగర్. ఇక ఊరి పేరు సంగతి చూడండి. మద్రాసు చెన్నై అయింది 1996లో. కృష్ణా నీళ్లు పూండికి మొదటిసారి చేరిందీ 1996లోనే. అంటే ఒప్పందాలూ, కాలవ తవ్వకాలూ జరుగుతున్నప్పుడు రాసిన కాగితాలన్నీ మద్రాసు అనే అంటాయి. మీరు చెన్నై అని కొడుతూ కూర్చుంటే అవి పైకి రావు.

అందుకే కంప్యూటర్ ముట్టుకునే ముందు ఒక తెల్లకాగితం మీద మీ విషయానికి ఉన్న పేర్లన్నీ రాయండి. పాత పేరు, కొత్త పేరు, సర్కారు పేరు, జనం పిలిచే పేరు. తర్వాత రెండేసి మాటలు మాత్రమే కొట్టండి. ఆ అమ్మాయి చేత "కృష్ణా", "మద్రాస్" అని కొట్టించాను. నాలుగు పుస్తకాలొచ్చాయి. పనికొచ్చింది ఒక్కటే, కానీ దాని రికార్డు తెరిస్తే కింద విషయ శీర్షిక కనిపించింది. దాన్ని నొక్కితే లైబ్రేరియన్లు అదే శీర్షిక కింద చేర్చిన మిగతావీ వచ్చాయి. పుస్తకం చివర గ్రంథసూచి, అంటే రచయిత ఆధారంగా తీసుకున్న పుస్తకాల జాబితా, ఎలాగూ ఉంది. తర్వాత వారం రోజులూ ఆమె ఆ గ్రంథసూచి పట్టుకునే తిరిగింది.

"వేలల్లో వచ్చాయి"

గూగుల్ స్కాలర్‌లో "నీటి సమస్య" అని కొడితే రాక ఏమవుతుంది? రెండు మూడు మాటలు కలిసి ఒకే పేరైతే కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. పక్కన సంవత్సరాల హద్దు పెట్టండి. పనికొచ్చే వ్యాసం ఒకటి దొరికాక దాని కింద, దాన్ని ఎవరెవరు ఉదహరించారో చూపే లింకు ఉంటుంది. అక్కడి నుంచి ముందుకు, కొత్త వ్యాసాలకు; గ్రంథసూచి నుంచి వెనక్కి, పాత వాటికి. థీసిస్‌ల కోసం శోధ్‌గంగ వెబ్‌సైట్ ఉండనే ఉంది, ఉచితం.

"కేటలాగ్‌లో ఉంది, ర్యాక్‌లో లేదు"

సగం సార్లు పుస్తకం అక్కడే ఉంటుంది, నంబర్ చదవడంలోనే తేడా. పుస్తకం వీపు మీద ఉండే డ్యూయీ నంబర్లో (విషయాన్ని బట్టి ఇచ్చే నంబర్) చుక్క తర్వాతవి దశాంశాలు. నీటి సరఫరా 363.61, పర్యావరణ సమస్యలు 363.7. అరవై ఒకటి ఏడు కంటే పెద్దది కదా అని పిల్లలు 363.7 దాటి ఇంకా కుడివైపు వెళ్లిపోతారు. 363.61 ఎడమవైపే ఉంటుంది. నంబర్ కింద ఉండే మూడక్షరాలు చాలా చోట్ల రచయిత పేరువి, అవీ చూసుకోవాలి.

నంబర్ సరిగ్గానే చదివారా? అయితే రికార్డులో స్టేటస్ చూడండి. రిఫరెన్స్ అని ఉంటే అది మామూలు ర్యాకుల్లో ఉండదు. జర్నళ్ల పాత సంచికలు బైండ్ చేసి వేరే గదిలో పెడతారు. అదీ కాకపోతే చదివే బల్లల మీదా, తిరిగొచ్చిన పుస్తకాల ట్రాలీ మీదా వెతకండి. ఆఖరి అనుమానం చెప్పడానికి మొహమాటంగా ఉంది కానీ, పరీక్షల ముందు కొందరు మహానుభావులు పుస్తకాన్ని తమకు మాత్రమే తెలిసిన ర్యాక్‌లో దాచిపెడతారు. ఎకనామిక్స్ పుస్తకం ఒకటి వంటల పుస్తకాల వెనక దొరికింది మాకు.

"రెండు పుస్తకాల్లో రెండు అంకెలున్నాయి, ఏది రాయాలి?"

ఈ ప్రశ్నతో వచ్చిన పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది, నిజంగా చదివారన్నమాట. కృష్ణా నీళ్ల అమ్మాయికీ ఇదే టెన్షన్. ఒకచోట చెన్నై వాటా 15 టీఎంసీలు, ఇంకోచోట 12. ఎవరో ఒకరు తప్పు రాశారనుకుంది.

ఇద్దరూ ఒప్పే. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు మద్రాసుకు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. మొత్తం 15. దారిలో ఆవిరీ ఇంకుడూ పోను సరిహద్దు దగ్గర అప్పజెప్పాల్సింది 12 అని 1983 ఒప్పందం. ఒక రచయిత నది దగ్గర నిలబడి లెక్కేశాడు, ఇంకొకరు సరిహద్దులో ఊత్తుకోట దగ్గర నిలబడి లెక్కేశారు. పైగా ఈ రెండూ ఒప్పుకున్న లెక్కలే, ఏ ఏడు ఎంత వచ్చిందన్నది మూడో లెక్క. కాబట్టి అంకెలు కొట్టుకుంటే ఎక్కడ కొలిచింది, ఏ ఏడాదిది, ఒప్పందమా వాస్తవమా అని మూడూ చూడండి. అప్పటికీ తేలకపోతే రెండు పుస్తకాల ఫుట్‌నోట్లూ పట్టుకుని అసలు కాగితం దాకా వెళ్లాలి. పాత ప్రభుత్వ కాగితాలకు ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది.

"పీడీఎఫ్ నొక్కితే డాలర్లు అడుగుతోంది"

కట్టకండి. ముందు మీరు ఎక్కడి నుంచి నొక్కారో చూడండి. కాలేజీ చందా కట్టిన జర్నళ్లు చాలావరకు క్యాంపస్ నెట్ మీదే తెరుచుకుంటాయి, హాస్టల్ రూములో మొబైల్ డేటాతో నొక్కితే మీరెవరో దానికి తెలియదు. బయటి నుంచి వాడుకోవడానికి లాగిన్ ఇస్తారేమో లైబ్రరీలో అడగండి. ప్రభుత్వ సంస్థల వాళ్లకు 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 మంది ప్రచురణకర్తల జర్నళ్లు దాదాపు 13,000 అందుబాటులోకి వచ్చాయి. ఎయిడెడ్ కాలేజీ అయితే ఎన్-లిస్ట్ (కాలేజీలకు ఈ-జర్నళ్లు అందించే పథకం) ఉందేమో కనుక్కోండి. ఏదీ లేకపోతే వ్యాసం రాసినవాళ్లకే నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. తమ వ్యాసం చదువుతామంటే కాదనేవాళ్లు తక్కువ.

"తెలుగు పుస్తకాలు అసలు లేవంటోంది"

ఉంటాయి, స్పెల్లింగ్ వెనక దాక్కుని. చాలా లైబ్రరీల్లో తెలుగు పుస్తకాల వివరాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. వీరేశలింగం పేరులో వీ కి ఒకరు రెండు ఈలు పెడతారు, ఇంకొకరు ఒక ఐ. మన ఇంటిపేరు ముందొస్తుంది కదా, ఎక్కించినవాళ్లు ఏది అసలు పేరనుకున్నారో ఆ దేవుడికే తెలియాలి. కందుకూరి అని ఒకసారి, వీరేశలింగం అని నాలుగు రకాలుగా, తర్వాత తెలుగు లిపిలో కొట్టి చూడండి. అన్నీ విఫలమైతే కంప్యూటర్ వదిలేసి 894.827 ర్యాక్ ముందుకెళ్లి నిలబడండి. తెలుగు సాహిత్యం నంబర్ అది. తమిళం 894.811, కాబట్టి తమిళ సాహిత్యం ర్యాకులు దాటి కుడివైపు నడిస్తే మనవాళ్లు వస్తారు.

మీ కాలేజీలో లేకపోయినా ఊళ్లో ఉంటుంది. ఆంధ్రపత్రిక 1914 నుంచి ఇక్కడే అచ్చయింది, మద్రాసులో తెలుగు అచ్చుకు కొరత లేదు. 1896లో తెరిచిన ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీ, 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాల కాపీలు చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఒకటి. తాళపత్రాలే కావాలంటే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. వెళ్లేటప్పుడు ఐడీ కార్డూ, గైడ్ సంతకం పెట్టిన ఉత్తరం పెట్టుకోండి.

"ఈ లిస్టులో ఒక్కటీ దొరకలేదక్కా"

ఇది కొత్త జబ్బు. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన పది రిఫరెన్సులు పట్టుకుని వస్తారు. ఒకబ్బాయి చూపించిన దాంట్లో జర్నల్ నిజం, వాల్యూమ్ నంబర్ నిజం. బైండ్ వాల్యూమ్ తీసి ఆ పేజీ తిప్పితే అక్కడ ఇంకెవరిదో పుస్తక సమీక్ష ఉంది. వాడి మొహం చూడాలి. డీఓఐ నంబర్ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే గుర్తింపు నంబర్) ఉంటే డీఓఐ వెబ్‌సైట్‌లో పెట్టండి, లేకపోతే ఆ జర్నల్ విషయసూచిక తెరవండి. అక్కడ లేని వ్యాసం ఎక్కడా లేనట్టే. లిస్టులోంచి కొట్టేయండి.

"అడగాలంటే భయం"

చాలామంది రెండు రోజులు ర్యాకుల మధ్య తిరిగి మూడోరోజు కౌంటర్‌కి వస్తారు. మద్రాసు యూనివర్సిటీ మొదటి లైబ్రేరియన్‌గా పనిచేసిన రంగనాథన్ 1931లో లైబ్రరీల కోసం రాసిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం మిగల్చమని. అది మా ఉద్యోగమే, మొహమాటపడకండి. తమిళం రాకపోతే చీటీ మీద ఇంగ్లీషులో రాసి ఇవ్వండి. కాకపోతే అడిగే తీరు ఒకటుంది. "తెలుగుగంగ బుక్ ఉందా?" అంటే మేం చూసి లేదంటాం. "1983 ఒప్పందం పాఠం కావాలి, కృష్ణా, మద్రాస్, పూండి అని వెతికాను, ఈ రెండు పుస్తకాలు చూశాను, వచ్చే సోమవారం లోపు కావాలి" అనండి. ఆ చీటీ పట్టుకుని నేనే లేచి లోపలికి వెళ్తాను.