‘రన్’ అంటే పరుగేనా? ఒక ఇంగ్లీషు మాటకు సరైన తెలుగు పట్టుకునే పద్ధతి

ఓ రాత్రి పదకొండింటికి మా చెల్లెలు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసింది. బాబుకి జ్వరం. డాక్టర్ పంపిన మెసేజ్ చదివి వినిపించింది: ‘ఇట్స్ వైరల్. లెట్ ఇట్ రన్ ఇట్స్ కోర్స్.’

"కోర్సు వాడమన్నారక్కా, మందు పేరు మాత్రం రాయలేదు. ఏం కొనాలి?" గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

మనకి కోర్సు అంటే ఐదు రోజుల మాత్రలే గుర్తొస్తాయి మరి. ఆ డాక్టర్ చెప్పింది వేరు. ‘ఇది వైరల్ జ్వరం, ఉండాల్సిన నాలుగు రోజులు ఉండి దానంతట అదే పోతుంది’ అని. ఆ ముక్క చెప్పాక అది ఊపిరి పీల్చుకుంది. ఇంజనీరింగ్ చదివి, ఆరేళ్లుగా అక్కడే ఉంటున్న పిల్ల. రన్ తెలుసు, కోర్స్ తెలుసు. రెండూ కలిసి ఏమంటున్నాయో ఎవరూ దానికి నేర్పలేదు.

నేను పత్రిక డెస్కులో పద్నాలుగేళ్లు అనువాదాలు చేశాను. ఇప్పుడు తెనాలిలో సాయంత్రాలు డిగ్రీ పిల్లలకి అనువాదం చెబుతున్నాను. మొదటి వారం అంతా ఈ ఒక్క ‘రన్’ మీదే గడుస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్లు కొత్త కూర్పు కోసం ఈ క్రియను సవరించినప్పుడు 645 అర్థాలు తేలాయని 2011లో వార్తలొచ్చాయి. ఆ పని చేసిన సంపాదకుడు పీటర్ గిలివర్‌కి దాదాపు తొమ్మిది నెలలు పట్టిందట. అన్ని అర్థాలు బట్టీ పట్టడం ఎవరి వల్లా కాదు, అక్కర్లేదు కూడా. నేను చెప్పే పద్ధతి వేరు.

వాక్యంలో ‘రన్’ కనపడగానే దాన్ని చేత్తో మూసేయండి. నిజంగానే వేలు పెట్టి మూయమంటాను. మిగిలిన మాటల్లో ఏది రన్ అవుతోందో, లేదా దేన్ని రన్ చేస్తున్నారో చూడండి. ఆ వస్తువు పేరు తెలుగులో పైకి అనండి. దాని వెనకాల మీ నోటికి ఏ క్రియ వస్తుందో అదే జవాబు. ముక్కు... కారుతోంది. బస్సు... నడుస్తోంది. సినిమా... వంద రోజులు ఆడింది. కాలువ... పారుతోంది. ఉతికిన చీర రంగు... దిగింది. డిక్షనరీ తియ్యక్కర్లేదు, తెలుగు వాక్యమే క్రియను తెచ్చిపెడుతుంది.

ఇలా ఓ పాతిక వాక్యాలు చేశాక పిల్లలే ఒకటి పట్టుకుంటారు. ఇంగ్లీషులో పరిగెత్తేవి చాలావరకు తెలుగులో నడుస్తాయి. రైలు నడుస్తుంది, బడి నడుస్తుంది, ప్రభుత్వం నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది. కిందటేడు బాపట్ల వైపు నుంచి వచ్చే అమ్మాయికి ‘హర్ గ్రాండ్‌మదర్ రాన్ ఎ మెస్ ఫర్ ట్వంటీ ఇయర్స్’ అని ఇచ్చాను. ‘నిర్వహించింది’ అని రాసింది. తప్పు కాదు. "మీ అమ్మమ్మ గురించైతే ఇంట్లో ఎలా చెబుతావు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి కొట్టేసి, ‘ఇరవై ఏళ్లు మెస్సు నడిపింది’ అని రాసింది. ఆ రెండో వాక్యంలో పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించే మనిషి కనిపిస్తుంది. మొదటి దాంట్లో ఓ ఆఫీసు కనిపిస్తుంది.

ఎన్నికల సంగతి ఇంకా బాగుంటుంది. అమెరికావాళ్లు పదవికి ‘రన్’ చేస్తారు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అంటారు. మనమూ నిలబడతాం అనే అంటాం. కాబట్టి 2024 జులై 21న బైడెన్ రన్ చెయ్యనన్న వార్త తెలుగులో ‘పోటీ నుంచి తప్పుకున్నారు’ అవుతుంది.

క్రికెట్‌లో మాత్రం రన్‌ని నేరుగా పరుగు అనేశాం, అది అలాగే స్థిరపడింది. సిక్సర్ కొడితే అడుగు కదలకుండానే ఆరు పరుగులు వస్తాయి. అంటే మన ‘పరుగు’ కూడా కాళ్లను వదిలి లెక్కలోకి వచ్చేసింది.

రెండో మెట్టు, రన్ పక్కన అంటుకున్న చిన్న మాట. ఇక్కడే ఎక్కువమంది జారతారు, కాబట్టి నెమ్మదిగా చూడండి. ‘రన్ అవుట్’ అంటే క్రికెట్ బయట అయిపోవడం. ‘వియ్ రాన్ అవుట్ ఆఫ్ గ్యాస్’ అని తెనాలిలో అంటే సిలిండర్ అయిపోయింది, న్యూజెర్సీలో కారు రోడ్డు మీద ఆగిపోయిందంటే పెట్రోలు అయిపోయింది. ‘రన్ ఇంటూ’ మనిషితో వస్తే అనుకోకుండా ఎదురుపడటం, ఖర్చుతో వస్తే లక్షల్లోకి పోవడం. ‘రన్ డౌన్’ బ్యాటరీకైతే దిగిపోవడం, ఒంటికైతే నీరసించిపోవడం, ఒకరి గురించి మాట్లాడేటప్పుడైతే చులకన చేయడం. ‘రన్ త్రూ’ ఓసారి చూసుకోవడం. ‘రన్ అప్’ బాకీలు పెరగనివ్వడం. పక్క మాట మారితే వేలు ఎత్తి మళ్లీ మొదటి నుంచి చూడాలి.

రన్ నామవాచకంగా వచ్చినప్పుడు సందర్భం మొత్తం చదవండి. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్క రోజులో 42 బిలియన్ డాలర్లు వెనక్కి తీసుకోవాలని ఖాతాదార్లు ప్రయత్నించారు, మర్నాడు బ్యాంకు మూతపడింది. దాన్ని ‘బ్యాంక్ రన్’ అన్నారు. తెలుగులో ‘బ్యాంకు పరుగు’ అంటే ఎవరికీ అర్థం కాదు, ‘డిపాజిట్ల కోసం ఎగబడ్డారు’ అంటే అందరికీ అర్థమవుతుంది. 2024 జనవరి 2న హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరింది కూడా ఇలాంటి ‘రన్’ కిందకే వస్తుంది. ఆ రోజు ట్యాంకర్ల డ్రైవర్లు సమ్మెకి దిగిందేమో ‘హిట్ అండ్ రన్’ శిక్ష మీద, అంటే ఢీకొట్టి పారిపోయిన కేసు. ఒకే సంఘటనలో రెండు రన్‌లు, రెంటికీ సంబంధం లేదు. ఇక ‘డ్రై రన్’ని 2020 డిసెంబరు చివర్లో కృష్ణా జిల్లాలో కొవిడ్ టీకాకి చేసినప్పుడు పత్రికలు అలాగే వాడాయి. నాకైతే ‘టీకా రిహార్సల్’ అనో, ‘ముందస్తు సాధన’ అనో రాసి ఉండాల్సిందనిపిస్తుంది. మా అత్తయ్యలాంటివాళ్లు ఆ రోజు నిజంగానే సూది వేస్తారనుకున్నారు.

మనం తయారుచేసుకున్న రన్‌లు కూడా ఉన్నాయి. ‘రన్నింగ్ బస్సు ఎక్కకు’ అంటాం, ఇంగ్లీషువాళ్లకి అది ‘మూవింగ్’ బస్సు. ‘రన్నింగ్ నోట్స్’ అంటే క్లాసులో మేష్టారు చెబుతుంటే గబగబా రాసుకున్నది. ఇవి తెలుగులో మాట్లాడేటప్పుడు హాయిగా వాడుకోండి. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం ఆగి చూడండి. ‘త్రీ డేస్ రన్నింగ్’ అంటే అక్కడ వరసగా మూడు రోజులు.

కాళ్ల పరుగుకైతే పర్యాయపదాలకి కొదవలేదు. ఎవరు, ఎందుకు అన్నదే చూసుకోవాలి. ‘జాగ్’ ఆరోగ్యం కోసం నిదానంగా పరిగెత్తడం. ‘స్ప్రింట్’ కాస్త దూరమే, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి. ‘డాష్’ చటుక్కున. ‘బోల్ట్’ బెదిరి ఉన్నట్టుండి దూసుకుపోవడం, గుర్రాలకీ వాడతారు. ‘ఫ్లీ’లో ప్రాణభయం ఉంటుంది. మన దగ్గరా తక్కువేం లేవు: ఉరకడం, లగెత్తడం, దౌడు తీయడం, పరుగు లంకించుకోవడం, కాళ్లకు బుద్ధి చెప్పడం. తెలంగాణ పిల్లలు ‘ఉరుకు’ అని రాస్తే నేను దిద్దను.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. అందులో అర్థాలు రాయొద్దు, వాక్యాలు రాయండి. పేజీకి పైన వస్తువు పేరు పెట్టండి: నీళ్లు, బండి, డబ్బు, ఒళ్లు, కాలం. రన్ ఎక్కడ కనిపించినా ఆ పేజీలో చేర్చండి. నెల తిరిగేసరికి నీళ్ల పేజీలోనే పారడం, కారడం, ‘కుళాయి వదిలేశారు’ అన్నీ చేరిపోతాయి.

క్లాసులో చివరగా ఇచ్చే వాక్యం ఇది: ‘ది రోడ్ రన్స్ అలాంగ్ ది కెనాల్.’ తెనాలి పిల్లలకి కాలువ పక్కన రోడ్డు కొత్తేం కాదు. ‘కాలువ వెంబడి సాగుతుంది’ అని ఒకరు, ‘కాలువ పక్కనే పోతుంది’ అని ఇంకొకరు రాశారు. వెనక బెంచీ కుర్రాడు మాత్రం ‘కాలవ గట్టు మీదుగా వెళ్తే అదే రోడ్డు’ అన్నాడు. అది బోర్డు మీద రాయించాను.