ఆదివారం మొక్కల నడకకు వెళ్లేముందు

మొక్కల నడకంటే దారిలో ఆగి ఆగి మొక్కల్ని చూసి గుర్తుపట్టడం. పదిమందికి మించి వద్దు, వెనకున్నవాళ్లకు మొక్క కనిపించదు. పొద్దున్నే బయల్దేరండి. నేనైతే గంటకు అర కిలోమీటరు కూడా నడిపించను.

పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం తప్పక తెచ్చుకోండి. దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, పువ్వు మీదికి వంగాలి. గడ్డిచామంతితో మొదలుపెట్టండి. ఒక్క పువ్వనుకున్నది నిజానికి పూల గుత్తి! అంచున రేకుల్లా కనిపించేవి ఒక్కోటీ ఒక్కో పువ్వు, దాని కొసన రంపపు పళ్లలాంటివి మూడుంటాయి. అది మొదటిసారి చూసినవాళ్ల ముఖం చూడడం నాకెంతో ఇష్టం.

ఆకా, పత్రకమా (ఒకే ఆకులో భాగమైన చిన్న ఆకులాంటి ముక్క) అని అనుమానమొస్తే తొడిమ కొమ్మకు అతుక్కున్న చోట చూడండి. అక్కడ చిన్న మొగ్గ ఉంటే అది పూర్తి ఆకు.

మొక్కను పీకొద్దు. ఫొటోలు చాలు: మొక్కంతా, ఆకు అడుగు, పువ్వు పక్కనుంచి. ఎవరెంత ధీమాగా చెప్పినా, తెలియనిది నోట్లో పెట్టుకోవద్దు.